కరస్పాండెంట్ సారు ఫోల్డర్‌లోంచి దారి

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, జనగామ స్టేషన్ దగ్గర టీ కొట్టు అతనికి ఇంకా బాగా తెలుసు. మనుషుల మీద వచ్చిన కోపం ఒక టీ తాగితే దిగిపోతుంది. కంప్యూటర్ మీద వచ్చింది మాత్రం దిగదు, ఎందుకంటే అది తిరిగి పోట్లాడదు. తెర మీద 'పర్మిషన్ డినైడ్' అని ఒక ముక్క పడేసి ఊరుకుంటుంది. నీకు అనుమతి లేదు, పో అని. ఎవరు లేదన్నారు, ఎందుకు లేదన్నారు, ఎవరిని బతిమాలుకోవాలి, ఏదీ చెప్పదు. అంత పొగరు నేను ఏ ఆఫీసు బంట్రోతులోనూ చూడలేదు.

నా పని ప్రైవేటు డిగ్రీ కాలేజీల ల్యాబులు చూసుకోవడం. యాజమాన్యం ఒకటే, కాలేజీలు మూడు ఊళ్ళలో: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. ప్రతి ల్యాబులో ఒక పెద్ద కంప్యూటర్ ఉంటుంది, దాన్ని సర్వర్ అంటాం. పిల్లల ముందున్నవి ఉత్త తెరలూ కీబోర్డులే. ఎవరి పేరుతో వాళ్ళు లాగిన్ అవుతారు, ఎవరి ఫోల్డర్ వాళ్ళకు ఉంటుంది. పెద్ద ఇంట్లో తలా ఒక గది ఇచ్చినట్టన్నమాట. అందరూ వాడుకునే సాఫ్ట్‌వేర్‌ను నడిమింట్లో పెట్టాలి. ఎవరో ఒకరి గదిలో పెట్టి తలుపు వేస్తే మిగతావాళ్ళకు అందదు. ఈ ఒక్క ముక్క అందరికీ చెప్పీ చెప్పీ నా జుట్టు సగం నెరిసింది.

జనగామలో ల్యాబ్ చూసే పెద్దాయనకు ఎవరి మీదా నమ్మకం లేదు. అక్కడ ప్రింటర్ కాగితం తీసుకోవడానికి కూడా ఆయన అనుమతి కావాలి. భూపాలపల్లిలో అంతా తిరకాసు. అక్కడి ల్యాబ్ అసిస్టెంట్ కాటారం మనిషి, వెన్నలాంటివాడు. ఏదో సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం లేదని ఫోన్ చేస్తే, నేను వచ్చేదాకా ఏమీ ముట్టుకోవద్దన్నాను. నేను హన్మకొండలో బస్సు మారి, పరకాల దాటి అక్కడ దిగేసరికి అన్ని ఫోల్డర్లకూ అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చేసి చిరునవ్వుతో నిలబడి ఉన్నాడు. "అందరు మన పిల్లలే గద మేడం" అన్నాడు. ఆ మన పిల్లల్లో ఎవరో పుణ్యాత్ముడు, తన సినిమాలకు చోటు చాలడం లేదని, టైపింగ్ సాఫ్ట్‌వేర్ మొత్తాన్ని తీసి అవతల పారేశాడు. ఎవరో తేలలేదు. నేను చెడామడా తిట్టింది మాత్రం ఆ వెన్నలాంటి మనిషినే.

ఈ రెండూ ఒక ఎత్తు, మహబూబాబాద్ ఒక ఎత్తు.

మహబూబాబాద్ కాలేజీకి కరస్పాండెంట్ సారు ఉన్నారు, యాజమాన్యం తరఫున కాలేజీ నడిపేది ఆయనే. బయ్యారం వైపు పెద్ద వ్యవసాయం, మామిడితోట, తెల్ల చొక్కా, గది దాటి వినిపించే గొంతు. మనిషి చెడ్డవారు కాదు. కాకపోతే సర్వర్‌కు అసలైన పాస్‌వర్డ్, అంటే ఏ తాళమైనా తీయగల పాస్‌వర్డ్, తన ఒక్కరి దగ్గరే ఉండాలని పట్టుబట్టారు. బీరువా తాళాలు నడుముకు కట్టుకుని తిరిగే ఇంట్లో పుట్టిన మనిషికి ఇంకోలా తోచదు. ఆయన ఆ పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ల్యాబులో ఉన్నవాళ్ళమంతా గోడ వైపు తిరగాలి. నేను, లెక్చరర్లు, పిల్లలు, ఆఖరికి టీ తెచ్చిన అటెండరన్న కూడా ట్రే పట్టుకుని గోడకు మొహం పెట్టి నిలబడేవాడు. ఆయన ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టేవారు. "ఆఁ, తిరుగుండ్రి" అన్నాక తిరిగేవాళ్ళం. అప్పటికి టీ చల్లారిపోయేది.

ఆ ఏడు మహబూబాబాద్‌కు పరీక్షా కేంద్రం వచ్చే అవకాశం కలిగింది. కంప్యూటర్ ప్రాక్టికల్స్ అంతకుముందు హన్మకొండలో రాసేవాళ్ళు. యూనివర్సిటీ తన పరీక్ష సాఫ్ట్‌వేర్‌ను పంపింది. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసినప్పుడు అది ప్రతి విద్యార్థి లాగిన్‌లోనూ తెరుచుకోవాలి. తెరుచుకుంటే కేంద్రం మాది, లేకపోతే మళ్ళీ హన్మకొండే. ఆ సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చిన రిజిస్ట్రేషన్ కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది. ఎక్కడ పెట్టి ఆ కోడ్ కొడితే సాఫ్ట్‌వేర్ ఇక అక్కడే ఉండాలి, కదిపితే పనిచేయదు.

ఇంత ముఖ్యమైన పని కాబట్టి కరస్పాండెంట్ సారు ముహూర్తం పెట్టించారు. నేను పొద్దున్నే జనగామలో రైలెక్కాను. కాజీపేట బయట రైలు ఆగిపోయింది. అక్కడ ఆగడం మా లైనులో వింతేమీ కాదు గానీ, ఆ రోజు డ్రైవర్ కూడా దిగి వేపపుల్ల విరుచుకున్నాడేమో అన్నంతసేపు ఆగింది. ఫోన్ మోగింది.

"ఏడున్నవమ్మా?"

"కాజీపేట బయట సార్, సిగ్నల్ ఇస్తలేడు."

"ముహూర్తం దాటిపోతున్నది. నేను సురువు చేస్త."

"సార్, జర ఆగుండ్రి, నేను వచ్చినంక..."

"ఏమున్నదమ్మా గండ్ల? నెక్స్ట్ నెక్స్ట్ అని కొట్టుడే గద!" అని ఫోన్ పెట్టేశారు.

నేను వెళ్ళేసరికి సర్వర్‌కు పసుపు, కుంకుమ, మెడలో బంతిపూల దండ. కొబ్బరినీళ్ళు కీబోర్డు పక్కనే ధారగా కారి ఉన్నాయి. నా చేతిలో కొబ్బరి ముక్క పెట్టారు. సారు తెర మీద సాఫ్ట్‌వేర్ నిగనిగలాడుతూ తెరుచుకుని ఉంది, ఆయన మౌస్ మీద చెయ్యి వేసి ఫొటో దిగుతున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఏం చేస్తాను.

మధ్యాహ్నం పిల్లలు వచ్చి ఎవరి పేరుతో వాళ్ళు లాగిన్ అయ్యారు. మొదటి తెర: పర్మిషన్ డినైడ్. రెండో తెర: పర్మిషన్ డినైడ్. కిటికీ నుంచి తలుపు దాకా ల్యాబంతా అదే మాట. అటెండరన్న నా పక్కకు వచ్చి, "ఇంకో కొబ్బరికాయ కొడ్తే తెరుసుకుంటదేమో మేడం" అన్నాడు. ఆయన వేళాకోళం ఆడటం లేదు. అందుకే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

చూస్తే ఏముంది. సారు తన పేరుతో లాగిన్ అయి, 'నెక్స్ట్ నెక్స్ట్' కొట్టుకుంటూ పోయారు. 'మీ ఒక్కరికా, అందరికా' అని అది అడిగే ఉంటుంది, 'నాకే' అనే చోట కొట్టే ఉంటారు. పరీక్ష సాఫ్ట్‌వేర్ వెళ్ళి ఆయన సొంత ఫోల్డర్‌లో కూర్చుంది. కోడ్ కూడా అక్కడే ఖర్చయిపోయింది. యూనివర్సిటీకి ఫోన్ చేస్తే, ఇంకో కోడ్ కావాలంటే దరఖాస్తు పెట్టండి, పరీక్షలయ్యాక చూస్తాం అన్నారు. పరీక్షల కోసం కావలసిన కోడ్ పరీక్షలయ్యాక ఇస్తారట. ఇంకో కోడ్ వచ్చినా లాభం ఉండేది కాదు. తీసి మళ్ళీ పెడదామా అని నేను ఊరికే అన్నందుకే సారు మొహం మాడ్చుకున్నారు. "నా చేతులమీద అయిన పని తీసేస్తనంటవా?"

ఆ సాయంత్రం అందరూ వెళ్ళిపోయినా ఒక అమ్మాయి తెర ముందు నుంచి లేవలేదు. బయ్యారం దగ్గర తండా నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల. ఇంట్లో లంబాడీ మాట్లాడుతుంది, మాతో తెలుగు, కంప్యూటర్‌తో ఇంగ్లీషు. మూడింటిలోనూ నాకంటే తక్కువ విసుక్కుంటుంది.

"గిది తెరుసుకోకుంటె సెంటర్ హన్మకొండకు పోతదా మేడం?"

"పోతది బిడ్డా."

"హన్మకొండకైతే మా బాపు పంపడు. ఆడ ఏడ ఉంటవు, ఎవలతోని పోతవు అంటడు. పోయినేడు మా అక్కను గట్లనే పంపలే. పరీక్ష ఇడిసిపెట్టి మిర్చి ఏరవోయింది. ఇగ ఏరుతనే ఉన్నది."

ఆ మాట ఆమె ఏడుస్తూ అనలేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. ఈ పిల్లను మాత్రం మిర్చి చేనుకు పోనివ్వనని ఆ రోజు రైల్లో నాకు నేనే గట్టిగా అనుకున్నాను. పక్కన కూర్చున్న ఆవిడ కొంచెం జరిగింది.

మర్నాడు సారును పిలిచి, అందరం గోడ వైపు తిరిగి, ఆయన పాస్‌వర్డ్ కొట్టాక సాఫ్ట్‌వేర్‌కు అందరికీ అనుమతి ఇచ్చాను. పిల్లలు తెరిచారు. పర్మిషన్ డినైడ్. కారణం నాకు వెంటనే అర్థమైంది, ఆయనకు చెప్పడమే కష్టమైంది. సాఫ్ట్‌వేర్ గది తలుపు తీశాను సరే, ఆ గది సారు ఇంట్లో ఉంది, ఇంటి గేటుకు తాళం ఉంది.

"అయితే ఏమంటవిప్పుడు?"

"మీ ఫోల్డర్‌కు గుడ పర్మిషన్ ఇయ్యాలె సార్. పిల్లలు అండ్లకెల్లే పోవాలె."

"నా ఇంట్లకెల్లి పోతరా!" అన్నారు. ఫోల్డర్ అనలేదు, ఇల్లనే అన్నారు.

తర్వాత గొంతు తగ్గించి, నన్ను పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పారు. అందులో కొన్ని ఫ్లెక్సీ డిజైన్లు ఉన్నాయట. వచ్చే ఎన్నికలకు. ఇంకా ఎవరికీ చెప్పలేదట. ఒకటి నాకు చూపించారు. రెండు చేతులూ జోడించిన సారు, తల వెనక ఉదయిస్తున్న సూర్యుడు, ఒక మూల పావురం. పదవి పేరు ఉండాల్సిన చోట ఖాళీ. ఏ పదవో ఇంకా తేల్చుకోలేదు.

"అవి వేరే దగ్గర పెట్టుకోండ్రి సార్."

"నా ఇంట్ల సామాను నేనెందుకు సదురుకోవాలె?"

గేటు తీయనన్నారు గానీ ఒక ఉపాయం చెప్పారు. తానే వచ్చి ప్రతి తెర మీదా తన పేరుతో లాగిన్ అవుతారట, పిల్లలు అందులోనే రాసుకోవాలట. అలా కుదరదని నెత్తీనోరూ కొట్టుకున్నాను. వినలేదు. నమూనా పరీక్ష పెట్టించారు. సారు ఒక్కో తెర దగ్గర కూర్చుని ఒక్క వేలితో లాగిన్ అవుతుంటే పిల్లలంతా గోడల వెంబడి మొహాలు తిప్పుకుని నిలబడ్డారు. బయట నుంచి చూసినవాళ్ళు క్లాసు మొత్తానికి శిక్ష పడిందనుకున్నారు. ఆఖరి తెర దగ్గరికి వచ్చేసరికి పీరియడ్ సగం అయిపోయింది. అప్పుడు పరీక్ష మొదలైంది.

నేను చెప్పిందే జరిగింది. లాగిన్‌లన్నీ ఒకరివే కాబట్టి సర్వర్ లెక్కలో పరీక్ష రాస్తున్నది ఒక్కరే, మా కరస్పాండెంట్ సారు. ఒకరు సేవ్ చేసిన జవాబు మీద ఇంకొకరి జవాబు పడింది, దాని మీద మరొకరిది. చివరగా సేవ్ చేసింది వెనక వరుసలో ఒక మహానుభావుడు. ప్రింటు తీస్తే అందరికీ ఒకే కాగితం వచ్చింది. అభ్యర్థి: కరస్పాండెంట్ సారు. జవాబు: ఆకలైతుంది.

తండా అమ్మాయి తన కాగితం వంక చూసి, నా వంక చూసింది. తన జవాబు తప్పు లేకుండా రాసిందని నాకు తెలుసు, వెనక నిలబడి చూశాను. అది ఎక్కడా లేదు.

అక్కడ నాకు తిక్క రేగింది. ఉద్యోగం ఉంటే ఉంటుంది, ఊడితే ఊడుతుంది అనుకుని సారు గదికే వెళ్ళాను.

"సార్, గిట్లయితే పరీక్ష మీరొక్కరే రాస్తరు, మీరొక్కరే ఫెయిలైతరు. పిల్లలు హన్మకొండకు పోతరు. పోలేనోళ్ళు చేన్లకు పోతరు. జర ఆ గేటు తియ్యుండ్రి."

సారుకూ కోపం వచ్చింది. బల్ల మీద చెయ్యి వేసి లేచారు. "తీస్త! తీస్తనమ్మా! గని ఎట్ల పోవాలెనో తెలుసా? పోవాలె, చూడొద్దు. ఏడ ఏమున్నదో తెల్వొద్దు. ముట్టొద్దు, నిలవడొద్దు, చక్కగ పోయి వాళ్ళ పని చేసుకొని చక్కగ రావాలె. గట్లాంటి గేటున్నదా నీ కంప్యూటర్ల? ఉంటె చెప్పు!"

నన్ను నోరు మూయించడానికే అన్నారు. నేను మాత్రం ఎగిరి గంతేయలేదంతే.

"ఉన్నది సార్."

"ఏంది?"

"అచ్చం గట్లాంటిదే ఉన్నది."

నిజంగానే ఉంది. ఫోల్డర్‌కు ఇచ్చే అనుమతులు మూడు రకాలు: లోపల ఏముందో చూడటం, అందులో ఏదైనా మార్చడం, దాని గుండా దాటిపోవడం. మూడూ వేర్వేరుగా ఇవ్వొచ్చు. దాటిపోవడం ఒక్కటే ఇస్తే, ఎక్కడికి పోవాలో ముందే తెలిసినవాళ్ళు అక్కడికి పోగలరు, మధ్యలో ఏమున్నాయో కనబడవు. ఇన్నేళ్ళలో ఈ సంగతి నేను ఎంతమందికి చెప్పినా ఆవులించారు, అందుకే సారుకు చెప్పాలని కూడా తోచలేదు. కోపంలో ఉన్న ఒక ఆసామి మాత్రం దాన్ని నాకంటే బాగా చెప్పారు.

సారు కాసేపు నమ్మలేదు. తర్వాత వచ్చి, మమ్మల్ని గోడ వైపు తిప్పి, పాస్‌వర్డ్ కొట్టారు. నేను ఆ ఒక్క అనుమతీ ఇచ్చాను. తండా అమ్మాయిని కూర్చోబెట్టి తెరవమన్నాను. పరీక్ష సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది! ల్యాబులో మళ్ళీ చప్పట్లు. ఈసారి నేను మనస్ఫూర్తిగా కొట్టాను.

"ఇప్పుడు నా ఫోల్డర్ల ఏమున్నయో చూడు" అన్నారు సారు ఆమెతో.

చూడబోయింది. పర్మిషన్ డినైడ్. ఆ మాట చదివి అంత ఆనందపడిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. "ఇంకోపారి చూడు" అన్నారు. మళ్ళీ అదే. పక్క తెర దగ్గరికి వెళ్ళి అక్కడా చూడమన్నారు. ఆ సాయంత్రమంతా కాలేజీలో కనబడిన ప్రతివారినీ పిలిచి తన ఫోల్డర్ చూడమని బతిమాలారు.

ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు సారు కొత్త చొక్కాలో ఉన్నారు. ఇన్‌స్పెక్టర్ నెమ్మది మనిషి, అన్నీ చూసి ఒక దగ్గర ఆగారు. "ఇదేమిటండీ, పరీక్ష సాఫ్ట్‌వేర్ మీ సొంత ఫోల్డర్‌లో ఉందేం? పిల్లలు ఎలా వెళ్తారు?" అని అడిగారు. నేను సారు వంక చూశాను. ఆయన ఈ ప్రశ్న కోసమే పుట్టినట్టు ముందుకు వచ్చారు. "నేనే పెట్టించిన సార్. పోవాలె, గని చూడొద్దు. గట్ల!"

ఇన్‌స్పెక్టర్ ప్రతి తెర దగ్గరా పరీక్షించారు. అన్నీ తెరుచుకున్నాయి. చివరికి తండా అమ్మాయి దగ్గర ఆగి, "ఇలా వేరేవాళ్ళ ఫోల్డర్‌లోంచి వెళ్ళడం నీకేమైనా ఇబ్బందిగా ఉందామ్మా?" అని అడిగారు.

ఆమె లేచి నిలబడింది. కేంద్రం ఎక్కడ పోతుందోనని భయం, ఎలాగైనా మంచి జవాబు చెప్పాలనే ఆత్రం.

"ఏం ఇబ్బంది లేదు సార్. మా తండాకు అడ్డదారి సారు వాళ్ళ మామిడితోటలకెల్లే. కాపలాయన 'అటిటు సూడకుంట పోండ్రి' అంటడు. తల దించుకొని పోతం. మాకు చిన్నప్పటిసంది అలవాటే."

ఇన్‌స్పెక్టర్ నవ్వి, సంతకం పెట్టారు. సారు నవ్వలేదు. ఆయన గొంతు ఆ తర్వాత గది దాటి వినిపించలేదు. ఇన్‌స్పెక్టర్‌ను కారు దాకా సాగనంపి వచ్చి, సర్వర్ పక్కన కుర్చీలో కూర్చుని, ఎండిపోయిన బంతిపూల దండను తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "తోట కాడ కాపలాయన ఏమంటడో నాకేం తెలుసమ్మా" అన్నారు నాతో. నేనేమీ అడగలేదు.

పరీక్షలు మహబూబాబాద్‌లోనే జరిగాయి. తండా అమ్మాయి రోజూ బస్సులో వచ్చి రాసి, బస్సులో వెళ్ళింది. ఆఖరి రోజు బయటికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. బాగా రాశావా అని అడిగితే రాశానంది. బస్సు వచ్చే వైపు చూస్తూ, "తోట కాడ ఇప్పుడు ఏమంటలేరు మేడం. సారు చెప్పిండట" అంది.

"మంచిదే గద బిడ్డా. ఇప్పుడు తల ఎత్తుకొని పోవచ్చు."

"నేను పోతున్న. మా అవ్వనే తల ఎత్తుతలేదు. 'ఇగ సూడొచ్చునే అవ్వా' అంటె, 'ఏం సూడాలె బిడ్డా, మామిడిచెట్లే గదా' అని దించిన తల దించినట్టే పోతది."

ఇద్దరం నవ్వుకున్నాం. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. నేను మళ్ళీ ల్యాబులోకి వచ్చాను, సారు అక్కడే ఉన్నారు. పరీక్షలు అయ్యాయి కదా, సారు ఫోల్డర్ గేటు మళ్ళీ మూసేయాలేమోనని అడిగాను.

"ఉండనియ్యమ్మా" అన్నారు సారు. "చూసెటందుకు గుడ ఇయ్యి. ఆ ఫ్లెక్సీలు తీసేసిన."

పాస్‌వర్డ్ కొట్టడానికి కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. ఒక వేలు ఎత్తి, ఆగి, "ఎందుకు తిరుగుతున్నరు? నేను తిరుగుమన్ననా?" అన్నారు.

అప్పుడు గమనించాను. ఆయన ఏమీ అనకముందే నేనూ, టీ ట్రేతో అటెండరన్నా, గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాం.